జలుబు తగ్గి నాలుగు నెలలైంది, అమ్మకి వాసన మాత్రం తిరిగి రాలేదు. ఎవరింట్లోనైనా ఇలా జరిగిందా?

బ్రాడీపేట_అమ్మాయి
సంక్రాంతి వెళ్ళిన వారానికి అమ్మకి జలుబు చేసింది. రెండు రోజులు జ్వరం, వారం రోజులు ముక్కు దిబ్బడ. అన్నీ తగ్గాయి. ముక్కు శుభ్రంగా ఆడుతోంది. వాసన మాత్రం రావట్లేదు. పోపు మాడిపోతుంటే పక్కనే నిలబడి కూడా "ఏమైందే, అట్లా పరిగెత్తుకొచ్చావు?" అని అడిగింది. అప్పుడుగానీ మాకు అర్థం కాలేదు.

కోవిడ్ టెస్టు అప్పుడే చేయించాం, నెగటివ్. ఇక్కడే ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే ముక్కులో టార్చి వేసి చూసి, "61 ఏళ్ళు కదమ్మా, ఊపిరి బాగానే ఆడుతోందిగా, అలవాటైపోతుంది" అని పంపించేశారు. బయటికొచ్చాక అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆటోలో కూర్చుని "కళ్ళు కనపడకపోతే ఇట్లాగే అంటారా?" అంది.

పోయిన వారం పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. గ్యాస్ వస్తూనే ఉంది. అమ్మ అక్కడే పీట మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. నేను ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీయగానే గుప్పుమంది. నా కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి.

ఇప్పుడు ఆవకాయ రోజులు. ఏటా మూడో రోజు జాడీ మూత తీసి ఒక్కసారి పీల్చి, ఆవ సరిపోయిందో లేదో చెప్పే మనిషి. ఈసారి కాయ తెద్దామంటే "ఎందుకులేవే, కొనుక్కుందాం" అంటోంది.

నాకు తెలియాల్సింది రెండు. మామూలు జలుబుకి ఇంత పని అవుతుందా? దీని మీద పరిశోధన ఏదైనా జరుగుతోందా, చేయగలిగింది ఏమైనా ఉందా?

వన్‌టౌన్_వాసు
అది కరోనానే అయ్యుంటుంది. టెస్టులు తప్పుతాయి. 2021లో మా ఇంట్లో నలుగురికీ వాసన పోయింది, పదిహేను రోజుల్లో అందరికీ వచ్చేసింది. టెన్షన్ పడకండి.

ముక్కుసూటి
వాసు గారూ, ఆవిడ నాలుగు నెలలంటున్నారు, మీరు పదిహేను రోజుల మాట చెప్తున్నారు. గ్యాస్ లీకయినా తెలియని మనిషి ఇంట్లో ఉంటే టెన్షన్ పడకుండా ఎట్టా ఉంటారు?

సత్యనారాయణపురం_అత్తయ్య
అమ్మాయ్, ముందు వంటింట్లో గ్యాస్ అలారం పెట్టించు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

ఈఎన్‌టీ_పీజీ
అత్తయ్య గారు చెప్పింది ముందు చేయండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల మట్టాన పేరుకుంటుంది, కాబట్టి అలారం కింద, నేలకు దగ్గరగా పెట్టాలి. గ్యాస్‌కి అసలు వాసన ఉండదు. లీకయితే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే కంపు పదార్థం కలుపుతారు. మీ అమ్మగారికి ఆ ఒక్క కాపలా లేకుండా పోయింది. ఎప్పుడైనా లీకయితే 1906కి ఫోన్ చేయండి.

ఇక ప్రశ్న. మామూలు జలుబుకి ఇలా అవుతుందా అంటే, అవుతుంది. కరోనా రాకముందే ఈఎన్‌టీ ఓపీల్లో ఇలాంటి వాళ్ళు వచ్చేవాళ్ళు, ఎక్కువగా నలభై, యాభై దాటిన ఆడవాళ్ళు. జలుబు తగ్గుతుంది, వాసన రాదు. 2007లో జపాన్ పరిశోధకులు ఇలాంటి 24 మంది ముక్కు స్రావాన్ని పరీక్షిస్తే 10 మందిలో రైనో వైరస్ దొరికింది. మన మామూలు జలుబుకి ముఖ్య కారణం అదే. ఒకరిలో పాత రకం కరోనా వైరస్, ఇంకొకరిలో పారాఇన్‌ఫ్లుయెంజా అనే మరో వైరస్ కూడా కనిపించాయి.

టార్చితో చూస్తే ఇది తేలదు. వాసన పట్టే పొర ముక్కు లోపల పైకప్పులో, రెండు కళ్ళ మధ్య ఎత్తులో ఉంటుంది. ఎండోస్కోపీ, అంటే సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి చూస్తేనే, ఆ దారి తెరుచుకుని ఉందో, పాలిప్స్ (ముక్కులో పెరిగే మెత్తటి కండలు) లాంటివి అడ్డుపడ్డాయో తెలుస్తుంది. అది ముందు చేయించండి. మనిషిని చూడకుండా నేను ఇంతకు మించి చెప్పకూడదు.

బ్రాడీపేట_అమ్మాయి
అలారం ఈరోజే ఆర్డర్ పెట్టాను. ఎండోస్కోపీకి శనివారం వెళ్తున్నాం. మామూలు జలుబుకి కూడా అవుతుందన్న మాట చదివి వినిపిస్తే అమ్మ రెండుసార్లు చదివించుకుంది.

మిర్చియార్డు_మూర్తి
వాసన రాకపోతే మా యార్డుకి తీసుకురండి. తేజ రకం మిర్చి బస్తా ఒకటి విప్పితే మూసుకున్న ముక్కులన్నీ తెరుచుకుంటాయి. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నా, నాకు ఒక్కసారి కూడా వాసన పోలేదు.

ముక్కుసూటి
మూర్తి బాబాయ్, మీకు వాసన పోయినా మిర్చి ఘాటు చాలు కదా, తేడా ఎలా తెలుస్తుంది?

ఈఎన్‌టీ_పీజీ
సరిగ్గా అదే. ఘాటు వేరు, వాసన వేరు. మిర్చికి తుమ్ము రావడం, కళ్ళ నీళ్ళు రావడం, ఉల్లిపాయ మంట, కర్పూరం చల్లదనం, ఇవన్నీ ట్రైజెమినల్ అనే వేరే నరం పని. వాసన పూర్తిగా పోయినా ఆ నరం చేసే పని చాలావరకు మిగిలే ఉంటుంది. మిరపపొడికి తుమ్మి, కాఫీ పొడి ముక్కు దగ్గర పెడితే "ఏం లేదు" అంటే, పోయింది వాసన అనే అర్థం.

బ్రాడీపేట_అమ్మాయి
ఇప్పుడే చూశాం. మిరపపొడికి తుమ్మింది. కాఫీ పొడికి ఏమీ లేదు. అగరొత్తి వెలిగిస్తే పొగ తగులుతోందట, వాసన లేదట. తిండి గురించి కూడా అడగాలి. పులుపు, ఉప్పు, కారం తెలుస్తున్నాయి. కానీ గోంగూరకీ చింతకాయకీ తేడా తెలియట్లేదంటుంది.

ఈఎన్‌టీ_పీజీ
నాలుక చేసే పని కొంచెమే. తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటివి. అది గోంగూర అని చెప్పేది నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన. అందుకే "రుచి పోయింది" అని వచ్చేవాళ్ళలో చాలామందికి నిజంగా పోయింది వాసనే.

పటమట_కిరణ్
మాది ఇంకో రకం బాధ. 2021 మేలో కోవిడ్ వచ్చింది, వాసన పోయింది, నెలలో వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. మూడో నెలలో ఒక పొద్దున మా ఆవిడ ఫిల్టర్ కాఫీ ఇచ్చింది. గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. కాలుతున్న రబ్బరు, దాని మీద ఏదో కుళ్ళు. "పాలు విరిగాయా?" అంటే విరగలేదు. మరుసటి రోజు ఉల్లిపాయ వేగుతుంటే అదే కంపు. వెల్లుల్లి, గుడ్డు, కోడికూర, అన్నీ అదే. బెసెంట్ రోడ్డులో టిఫిన్ బండి దాటాలంటే జేబురుమాలు అడ్డం పెట్టుకుని పరిగెత్తేవాణ్ణి. ఎనిమిది కేజీలు తగ్గాను. ఇంట్లో వండొద్దని ఎవరిని అనగలం? పెరుగన్నం, అరటిపండు, ఇవే నా తిండి, ఏడు నెలలు.

మనసుకు పట్టిన జబ్బు అన్నారు కొందరు. కాదు. ఇలా ఒక వాసన ఇంకో కంపుగా తగలడానికి పేరోస్మియా అని పేరుందని తెలిసిన రోజు నేను ఏడ్చాను.

గుణదల_సుబ్బు
కిరణ్ అన్నా, నీది చదువుతుంటే నాదే రాసినట్టుంది. నాకు ఉల్లిపాయ ఇప్పటికీ పడదు. కాఫీ మాత్రం ఫర్వాలేదు.

తెలుగు_మాస్టారు_రిటైర్డ్
ఒక చిన్న మాట. డాక్టరు దగ్గర "ఏదోలా ఉంది" అంటే ఆయన ఏం రాసుకుంటాడు? మనకు చెడు వాసనలకి ఎన్ని మాటలున్నాయో చూడండి. వెంట్రుక కాలితే కమురు. చేపది నీచు. పాతబడ్డ బియ్యానిది ముక్క వాసన. అన్నం అడుగంటితే మాడు. ఉడకని పిండిది పచ్చి. పొద్దునొకటి రాత్రొకటి కాకుండా, ఏ వస్తువుకి ఏ వాసన వస్తోందో ఈ మాటల్లో రాసిపెట్టుకుంటే మార్పు వచ్చినప్పుడు తెలుస్తుంది. నిరుడు కమురు కంపు కొట్టిన ఉల్లిపాయ ఈ ఏడు మాడు వాసన దగ్గరికి వచ్చిందంటే కాస్త మెరుగైనట్టే.

పటమట_కిరణ్
మాస్టారూ, నిజం. నా కాఫీ మొదట కమురు. తర్వాత మాడు. ఇప్పుడు కాఫీయే, కొంచెం చేదెక్కువగా.

ఈఎన్‌టీ_పీజీ
కిరణ్ గారికి కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు, మాంసం ఒక గుంపుగా చెడటం యాదృచ్ఛికం కాదు. బ్రిటన్‌లో రీడింగ్ యూనివర్సిటీ వాళ్ళు కాఫీ వాసనలోని అణువుల్ని విడదీసి ఒక్కొక్కటిగా పేరోస్మియా ఉన్నవాళ్ళతో వాసన చూపించారు. ఎక్కువమందిని బాధపెట్టింది గంధకం ఉన్న ఒక అణువు, 2-ఫ్యూరన్ మీథేన్ థయోల్. మామూలు ముక్కుకి అదే కమ్మటి కాఫీ వాసన. 2022లో అచ్చయింది ఆ పేపరు. వేపిన, కాల్చిన పదార్థాల్లో ఇలాంటి అణువులు చాలా కొద్ది మోతాదులోనే గట్టిగా తగులుతాయి.

భవానీపురం_బుజ్జి
ఇవన్నీ వ్యాక్సిన్ వచ్చాకే మొదలయ్యాయి. ఎవరూ పైకి చెప్పట్లేదంతే.

ముక్కుసూటి
బుజ్జీ, పైన డాక్టరు గారు 2007 జపాన్ సంగతి రాశారు. అప్పుడు ఏ కోవిడ్ వ్యాక్సిన్ ఉంది? కోవిడ్ రోగుల్లో వాసన పోతోందని బ్రిటన్ ఈఎన్‌టీ డాక్టర్లు 2020 మార్చిలోనే హెచ్చరించారు. మన ఆరోగ్య శాఖ వాసన, రుచి పోవడాన్ని లక్షణాల్లో చేర్చింది 2020 జూన్ 13న. వ్యాక్సిన్ ఆ తర్వాతి జనవరికి గానీ రాలేదు.

భవానీపురం_బుజ్జి
తేదీలు సరే. మా పెదనాన్నకి రెండో డోసు తర్వాతే పోయింది, నేను అదే చెప్పాను.

ముక్కుసూటి
ఆయనకి డోసు వేయించుకున్న ఆ రోజుల్లో జలుబు చేయలేదా? ఒకసారి అడిగి చూడు. 2021 ఏప్రిల్, మే అంటే ఊరంతా దగ్గుతోంది.

భవానీపురం_బుజ్జి
అడిగాను. జ్వరం వచ్చిందంట, డోసు వల్లే అనుకుని టెస్టు చేయించుకోలేదంట. సరే, గట్టిగా చెప్పలేను.

సైన్సు_టీచర్_గుంటూరు
క్లాసులో పిల్లలకు చెప్పేది ఇక్కడా రాస్తాను. ముక్కులో వాసన అణువుల్ని పట్టే గ్రాహకాల జన్యువుల్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనిపెట్టారు, 2004లో నోబెల్ వచ్చింది. మనిషిలో పనిచేసే గ్రాహకాలు సుమారు 400 రకాలు. ఒక్కో నరకణం ఒక్క రకాన్నే మోస్తుంది. మల్లెపూవుకి ఒక్క తాళం కాదు, అనేక గ్రాహకాలు కలిసి పాడితేనే మల్లె. వాటిలో సగం మూగబోతే వచ్చేది మల్లె కాదు, ఏదో వింత వాసన. కిరణ్ గారి కాఫీ సంగతి నాకు ఇట్లాగే అర్థమవుతోంది.

డాక్టర్ గారూ, వైరస్ నేరుగా ఆ నరాల్నే చంపేస్తుందా?

ఈఎన్‌టీ_పీజీ
కోవిడ్ విషయంలో మొదట అందరూ అలాగే అనుకున్నారు. 2020లో హార్వర్డ్‌లో సందీప్ రాబర్ట్ దత్తా బృందం చూస్తే, వైరస్ లోపలికి రావడానికి వాడుకునే ఏస్2 తలుపు వాసన నరకణాల్లో లేదు. వాటిని చుట్టి పోషించే ఆసరా కణాల్లో ఉంది. పందిరి కూలితే తీగ నేల మీద పడినట్టు. పందిరి త్వరగా లేస్తుంది, వాసు గారింట్లో నలుగురికి పదిహేను రోజుల్లో వచ్చింది బహుశా అందుకే.

మరి నెలల తరబడి రానివాళ్ళ సంగతి? 2022లో కొలంబియా, న్యూయార్క్ యూనివర్సిటీల వాళ్ళు చనిపోయిన కోవిడ్ రోగుల కణజాలంలోనూ, వైరస్ సోకించిన హామ్‌స్టర్ అనే ఎలుక లాంటి జంతువుల్లోనూ చూసింది ఇది: నరకణంలోకి వైరస్ రాకపోయినా, చుట్టూ రేగిన వాపు వల్ల దాని కేంద్రకంలో అమరిక చెదిరి, గ్రాహకాల జన్యువులు పనిచేయడం తగ్గిపోయింది. అదే ఏడాది చివర్లో డ్యూక్ వాళ్ళు 24 మంది ముక్కు పొర నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించారు, వాళ్ళలో 9 మందికి కోవిడ్ తర్వాత ఎంతకీ వాసన రాలేదు. ఆ 9 మందిలో వైరస్ జాడ లేదు, కానీ రక్షక టి-కణాలు ఆ పొరలోనే తిష్ఠ వేసుకుని ఉన్నాయి. నరకణాలు కూడా తగ్గాయి. శత్రువు వెళ్ళిపోయాక కూడా యుద్ధం ఆగకపోవడం అన్నమాట.

ఇవి కోవిడ్ మీద చేసినవి, మామూలు జలుబులో కూడా అచ్చంగా ఇదే జరుగుతుందని నేను చెప్పను. ఒక్కటి మాత్రం అందరికీ వర్తిస్తుంది. వాసన నరకణాలు జీవితాంతం చచ్చి మళ్ళీ పుడుతుంటాయి, అడుగున మూలకణాలు ఉంటాయి. నాలుగు నెలలకే తలుపు మూసేయాల్సిన పని లేదు.

బ్రాడీపేట_అమ్మాయి
ఎండోస్కోపీ అయింది. దారి శుభ్రంగా ఉంది, పాలిప్స్ లేవు. వేరే డాక్టరు, ఓపిగ్గా చూశారు. వాసన వ్యాయామం చేయమన్నారు. నిజంగా పనిచేస్తుందా?

గుణదల_సుబ్బు
నేను చేశాను, ఏం రాలేదు.

ముక్కుసూటి
ఎన్నాళ్ళు చేశావు?

గుణదల_సుబ్బు
మూడు వారాలు... ఏమో, నాలుగు.

ఈఎన్‌టీ_పీజీ
అక్కడే చాలామంది ఆపేస్తారు. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం మొదలుపెట్టింది ఇది. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం. రోజుకి రెండుసార్లు, 12 వారాలు. 40 మంది చేశారు, 16 మంది చేయలేదు. చేసినవాళ్ళలో కొందరికి మెరుగైంది, చేయని గుంపులో ఆ మార్పు లేదు. అందరికీ వస్తుందని కాదు. కానీ ఖర్చు లేదు, హాని లేదు, ఇప్పటికి దొరికినవాటిలో నమ్మదగింది ఇదే. వాసనల్ని మూడు నెలలకోసారి మారిస్తే ఇంకొంచెం మేలని తర్వాత ఇంకో అధ్యయనం చెప్పింది.

పద్ధతి: ఒక్కో సీసా ముక్కుకి దగ్గరగా పెట్టి 15, 20 సెకన్లు మెల్లగా పీల్చాలి. బలంగా ఎగబీల్చొద్దు. పీల్చేటప్పుడు ఆ వాసన ఎలా ఉండేదో తలచుకోవాలి. టీవీ చూస్తూ చేస్తే లాభం లేదు.

సత్యనారాయణపురం_అత్తయ్య
గులాబీకి పన్నీరు చాలదా? నీలగిరి తైలం, లవంగాలు, నిమ్మతొక్క ఎవరింట్లోనైనా ఉంటాయి.

ఈఎన్‌టీ_పీజీ
పన్నీరు పల్చనండీ, అత్తరు చుక్క దూదికి వేస్తే మేలు. లవంగాలు దంచి పెట్టండి. నిమ్మతొక్క రెండు రోజులకోసారి మార్చాలి.

వన్‌టౌన్_వాసు
మా తోడల్లుడికి జింక్ స్ప్రే వాడమన్నారు ఎవరో. అది కూడా అడగండి.

ఈఎన్‌టీ_పీజీ
వద్దు. దయచేసి వద్దు. ముక్కులో వేసే జింక్ మందులు వాడి వాసన పోయిందని 130కి పైగా ఫిర్యాదులొస్తే 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని వాడొద్దని హెచ్చరించింది. పోయిన వాసన కోసం వాసన పోగొట్టే మందు వేసుకోకూడదు. స్టెరాయిడ్ మాత్రలు కూడా ఎవరో చెప్పారని మింగొద్దు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళు.

పటమట_కిరణ్
నాకు ఒకచోట ముక్కులోకి పీఆర్‌పీ (మన రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) ఇంజెక్షన్ అన్నారు, వేలల్లో ఖర్చు చెప్పారు. భయపడి మానేశాను.

ఈఎన్‌టీ_పీజీ
స్టాన్‌ఫర్డ్‌లో చిన్న ట్రయల్ జరిగింది, కొంత ఆశాజనకంగానే ఉంది. కానీ గ్యారంటీ ఇచ్చి డబ్బు తీసుకునే దశకు అది ఇంకా రాలేదు.

ఇంకొకటి, ఇక్కడ చదివే మిగతావాళ్ళ కోసం. జలుబు లేకుండా, దెబ్బ తగలకుండా, ఏళ్ళ మీద మెల్లగా వాసన తగ్గుతూ వస్తుంటే దాన్ని కూడా వయసు మీద తోసేయొద్దు. పార్కిన్సన్స్‌లో చేతి వణుకు కంటే ఏళ్ళ ముందే వాసన తగ్గొచ్చు. అందరికీ అదే అని కాదు, చూపించుకోండి అంతే.

బ్రాడీపేట_అమ్మాయి
మూడు వారాలైంది, సంగతులు చెప్తాను.

నాలుగు చిన్న గాజు సీసాలు అమ్మ దేవుడి గూట్లో పెట్టుకుంది. దీపం పెట్టే వేళకి పొద్దున, సాయంత్రం అవి తీస్తుంది, మరిచిపోయే పనే లేదు. 17వ రోజు లవంగం సీసా దగ్గర ఆగిపోయింది. "ఏదో ఉందే" అంది. లవంగంలా లేదట. కాల్చిన చెక్కలా ఉందట. మళ్ళీ మళ్ళీ చూసింది. మళ్ళీ అదే.

ఆవకాయ కూడా పెట్టాం. నూజివీడు కాయ, పాతికే. అమ్మే కలిపింది, కొలతలన్నీ చేతికి గుర్తున్నాయి. మూడో రోజు జాడీ తీసినప్పుడు మాత్రం పక్కింటి పిల్లని పిలిచింది, ఐదో తరగతి. "ఎట్లా ఉందే?" అంటే అది మొహం ముడిచి "ముక్కులో గుచ్చుతోంది అమ్మమ్మా" అంది. అమ్మ కూడా వంగి పీల్చింది. "గుచ్చడం నాకూ తెలుస్తోంది. అయితే ఆవ సరిపోయింది" అని మూత పెట్టేసింది.

మిర్చియార్డు_మూర్తి
ఆ జాడీలో కారం ఎక్కడిదో అడగొచ్చా అమ్మా?

బ్రాడీపేట_అమ్మాయి
మీ యార్డుదే బాబాయ్.

ఈఎన్‌టీ_పీజీ
లవంగం చెక్కలా రావడం చూసి దిగులుపడొద్దు. ఏమీ లేని చోట తప్పు వాసనైనా రావడం తర్వాతి కోలుకోవడానికి గుర్తుగా కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. ఆపకండి. 12 వారాలయ్యాక కూడా ఆపకండి.

తెలుగు_మాస్టారు_రిటైర్డ్
రాసిపెడుతున్నారా?

బ్రాడీపేట_అమ్మాయి
అమ్మే రాసుకుంటోంది మాస్టారూ, పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో. నిన్నటిది ఇదీ: "లవంగం, కాల్చిన చెక్క. నిమ్మ, లేదు. గులాబీ, లేదు. నీలగిరి, చల్లగా."